కారు బ్రేక్ ప్యాడ్లు: మనమే మార్చుకోవాలా, షెడ్డుకి ఇవ్వాలా, షోరూముకి పంపాలా?

కిందటేడు వానల్లో మా కారు ముందు ఎడమ చక్రం గరగరలాడటం మొదలుపెట్టింది. రాయి ఇరుక్కుందేమో అనుకున్నాను. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర బ్రేకు కొడితే పక్క ఆటోలో కూర్చున్న ముసలాయన చెవులు మూసుకున్నాడు. ఇంటికొచ్చి చక్రం విప్పి చూస్తే లోపలివైపు ప్యాడు పూర్తిగా అరిగిపోయి, దాని ఇనుప రేకు చక్రంతోపాటు తిరిగే డిస్కుని గీకేస్తోంది. బయటివైపు ప్యాడు మాత్రం ఇంకా సగానికి పైగా ఉంది. అవి వేయించి ఏడాది కూడా కాలేదు.

తప్పు ప్యాడ్లది కాదు. ప్యాడ్లని డిస్కుకి నొక్కి పట్టే భాగం పేరు కాలిపర్. అది అటూ ఇటూ జారడానికి రెండు పిన్నులు ఉంటాయి. ప్యాడ్లు మార్చిన షెడ్డులో వాటికి చేతికందిన మామూలు గ్రీజు పూసేశారు. పెట్రోలియంతో చేసిన ఆ గ్రీజు తగిలితే పిన్ను మీది రబ్బరు ఉబ్బుతుంది. నా కారులో అదే జరిగి పిన్ను బిగుసుకుపోయింది. కాలిపర్ జారకపోతే, ప్యాడుని నెట్టే పిస్టన్ వైపున్న లోపలి ప్యాడు ఒక్కటే పని చేస్తుంది, అదే అరుగుతుంది. 400 రూపాయల లేబరు పనిలో మిగుల్చుకున్న పది నిమిషాలకి నాకు రెండు డిస్కులు మార్చే ఖర్చు పడింది.

అప్పటినుంచి ముందు ప్యాడ్లు నేనే మార్చుకుంటున్నాను. అలాగని అడిగిన ప్రతివాళ్లకీ మీరే చేసుకోండని చెప్పను. మా బావమరిదికైతే వద్దన్నాను, ఎందుకో తర్వాత చెబుతాను. ఇంట్లో చేస్తే డబ్బు బాగా మిగులుతుందని వీడియోల్లో చెప్పేది మన ఊళ్లలో పెద్దగా నిజం కాదు. ఇక్కడ లేబరు చవక. మిగిలేది డబ్బు కన్నా, ఆ పిన్నులు శుభ్రంగా ఉన్నాయన్న నమ్మకం. అది మీకు ఎంత ముఖ్యమన్నదాన్ని బట్టే మిగతా లెక్కంతా.

ముందు ఇవి తేల్చుకోండి

అన్నిటికంటే ముందు, మార్చాల్సినవి ముందు ప్యాడ్లా, వెనకవా? మన దగ్గర తిరిగే చిన్న కార్లలో ఎక్కువవాటికి ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకి ఒరుగుతుంది కాబట్టి ముందు ప్యాడ్లే తొందరగా అరుగుతాయి. అవి మార్చడం కష్టమేమీ కాదు. వెనక డ్రమ్ములో ఉండేవి ప్యాడ్లు కావు, షూలు. స్ప్రింగులు, లివర్లతో అదో వేరే గొడవ, మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోవద్దు. వెనక కూడా డిస్కులు ఉంటే చాలా కార్లలో పిస్టన్‌ని నొక్కితే లోపలికి పోదు, తిప్పుతూ నొక్కాలి. బటన్ నొక్కితే పడే ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేకు ఉన్న కార్లయితే ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. దానికి చాలా బండ్లలో కారు కంప్యూటరుకి తగిలించే స్కానర్ కావాలి. అది లేకుండా పిస్టన్‌ని బలవంతంగా నొక్కితే లోపలి మోటారు, గేర్లు పాడవుతాయి. మీది అలాంటి కారు, మార్చాల్సినవి వెనక ప్యాడ్లు అయితే నేరుగా సర్వీస్ సెంటరుకి పట్టుకెళ్లండి.

రెండోది, కారు ఎక్కడ లేపుతారు? దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. చదునైన గచ్చు కావాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో, బారువ అనండి, కళింగపట్నం అనండి, ఇంటి ముందు ఇసుకే. జాకీ కింద మందపాటి చెక్క వేసినా ఒక పక్కకి ఒరుగుతుంది. అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు మీద చేయకూడదు. వీధిలో, రోడ్డు వాలు మీద అసలే వద్దు.

మూడోది, సగంలో ఆగిపోతే? బోల్టు తల అరిగిపోయింది, పిన్ను ఊడి రావడం లేదు, దొరికిన ప్యాడ్లు ఈ మోడల్‌వి కావు. అప్పుడు కారు జాకీ స్టాండు మీద ఉంటుంది, మీరు మళ్లీ షాపుకి వెళ్లాలి. ఇంట్లో బైకో స్కూటరో ఉండాలి, ఆ రోజు కారుతో పనేమీ ఉండకూడదు. మర్నాడు పెళ్లికి వెళ్లాలనగా మొదలుపెట్టే పని కాదిది.

నాలుగోది, మీ బండి ఏ రోడ్డు మీద తిరుగుతుంది? ఊళ్లో తిరిగే కారు వేరు, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి దిగే కారు వేరు. ఎస్.కోట దాటి అనంతగిరి మీదుగా అరకు వెళ్లొచ్చేవాళ్లూ అంతే. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు విపరీతంగా వేడెక్కుతాయి. అక్కడ ప్యాడ్ల మందం ఒక్కటే సరిపోదు, బ్రేక్ ఆయిల్ కూడా బాగుండాలి. ఈ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3, డాట్ 4 అన్నవి బ్రేక్ ఆయిల్ రకాలు. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. నీరు పట్టాక లెక్కించే హద్దు 155 డిగ్రీలే. డాట్ 3 అయితే ఇవే అంకెలు 205, 140. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. అందుకే ఘాట్ తిరిగేవాళ్లు రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించాలి. ఇంట్లో ఒక్కరే ఉండి ఆ పని చేస్తే బ్రేక్ గొట్టాల్లో గాలి మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ఒక్క చూపులో

చివరి వరస తప్ప, నా చిన్న హ్యాచ్‌బ్యాక్ ముందు ప్యాడ్ల వరకే ఈ పట్టిక. డబ్బు లెక్క నాకు అయిన ఖర్చుని బట్టి వేసింది. మీ కారుకి, మీ ఊరికి మారుతుంది.

| | ఇంట్లో మనమే | తెలిసిన షెడ్డు | కంపెనీ సర్వీస్ సెంటర్ | షెడ్డులో పక్కన నిలబడి |
|---|---|---|---|---|
| ప్యాడ్లు కాక ఖర్చు | మొదటిసారి సామాన్లకి 5,000 దాకా, తర్వాత దాదాపు ఏమీ లేదు | 300–600 | షెడ్డుకి రెండు మూడింతలు | 300–600, గ్రీజు మనది |
| పట్టే సమయం | మొదటిసారి 3 గంటలు, అలవాటయ్యాక గంటన్నర | 40 నిమిషాలు | రద్దీని బట్టి పూటో రోజో | గంట |
| పిన్నుల శుభ్రం | మన చేతిలో పని | మెకానిక్‌ని బట్టి | జాబ్ కార్డులో రాయిస్తే అడగొచ్చు | కళ్ల ముందే |
| తేడా వస్తే | మనదే బాధ్యత | నోటి మాట | బిల్లు ఉంటుంది | నోటి మాట |
| ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేకు ఉన్న కారు వెనక ప్యాడ్లు | వద్దు | స్కానర్ ఉంటేనే | ఇక్కడే | స్కానర్ ఉంటేనే |

ఇంట్లో మనమే

సామాన్ల ఖర్చు చాలామంది తక్కువగా వేసుకుంటారు. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే పనికొస్తుంది, దాని మీద బండిని నిలబెట్టి పని చేయకూడదు. జాకీ స్టాండ్లు ఒక జత కావాలి. పిస్టన్‌ని వెనక్కి నొక్కడానికి సి-క్లాంపు, పిన్ను బోల్టులకి సరైన సైజు రింగు పానా, వైరు బ్రష్షు, బ్రేక్ క్లీనర్ స్ప్రే, సిలికాన్ బ్రేక్ గ్రీజు ఉండాలి. ఎంత బిగించాలో చూపించే టార్క్ రెంచి ఉంటే మంచిది. స్టాండ్లు, రెంచి, క్లాంపు కలిపి నాకు 5,000కి దగ్గరగా అయింది. లేబరు 400 చొప్పున చూస్తే ఆ డబ్బు తిరిగి రావడానికి పన్నెండుసార్లు ప్యాడ్లు మార్చాలి! అప్పటికి కారే మారిపోతుంది. డబ్బు మిగలడం పెద్దగా నిజం కాదన్నది ఇందుకే. ఇంట్లో రెండు మూడు కార్లు ఉంటే, లేదా టైర్లు తిప్పుకోవడం లాంటి పనులకీ అవే సామాన్లు వాడితే లెక్క మారుతుంది.

పని వరస ఇది. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకి చెక్క ముక్కలు అడ్డం పెట్టాలి. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేయాలి. పంచర్ షాపులో గాలి గన్నుతో బిగించిన నట్లయితే ఇక్కడే మొదటి గంట పోతుంది. నేనైతే పానా మీద ఎక్కి నిలబడాల్సి వచ్చింది. తర్వాత లేపి, స్టాండు పెట్టి, విప్పిన చక్రాన్ని కూడా బండి అంచు కిందికి తోసేయాలి. స్టాండు జారినా బండి ఆ చక్రం మీద ఆగుతుంది.

కింది పిన్ను బోల్టు ఒక్కటి విప్పితే చాలా కాలిపర్లు పైకి తలుపులా లేస్తాయి. పూర్తిగా విప్పాల్సి వస్తే కాలిపర్‌ని బ్రేక్ గొట్టానికి వేలాడనివ్వొద్దు, తీగతో చక్రం వెనకుండే సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టండి. ఒకసారి ఒక పక్కే విప్పండి. క్లిప్పు ఎటు తిరిగి ఉందో అనుమానం వస్తే రెండో పక్కని చూసి పెట్టొచ్చు. పాత ప్యాడ్ల పొడిని నోటితో ఊదడం, గాలి కొట్టడం వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి. క్లీనర్ దొరకలేదని కిరోసిన్ వాడతారు కొందరు. దాని జిడ్డు డిస్కు మీదా ప్యాడు మీదా ఉండిపోయి బ్రేకు సరిగా పట్టదు.

పిన్నులు బయటికి తీసి, పాత గ్రీజంతా తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, వేలితో ఆడించి చూడండి. తడబడకుండా జారాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు తొందరగా పడుతుంది, పిన్ను మీద గుంటలు కనిపిస్తే కొత్తది వేయండి. నా దృష్టిలో ఇంట్లో చేసుకోవడానికి ఉన్న అసలు కారణం ఈ పది నిమిషాల పనే.

పిస్టన్‌ని వెనక్కి నొక్కేటప్పుడు ఆయిల్ డబ్బా మూత తీసి ఓ కన్ను వేసి ఉంచండి. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గుతుంది. తగ్గిందని మధ్యలో ఎవరైనా పోసి ఉంటే ఇప్పుడది పొర్లుతుంది. ఆ ఆయిల్ పెయింటుని తినేస్తుంది. మా కారు ఫెండరు (ముందు చక్రం పైన ఉండే రేకు) మీద చేతి వెడల్పు మచ్చ దానివల్లే పడింది.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. మొదటిసారి అన్నీ బిగించి, చేతులు కడుక్కుని, టీ తాగి, ట్రయల్ చూద్దామని స్టార్ట్ చేసి రివర్స్ వేశాను. బ్రేకు తొక్కితే పెడల్ నేలకి అంటింది. పిస్టన్ లోపలికి నొక్కి ఉంటుంది కదా, అది మళ్లీ ప్యాడ్ల దగ్గరికి వచ్చేదాకా పెడల్‌ని పదిసార్లైనా తొక్కాలి. నేను ఒక్కసారీ తొక్కలేదు. హ్యాండ్‌బ్రేకు లాగబట్టి ఎదురింటివాళ్ల స్కూటీ బతికింది. ఎవరికి ఏ వరస గుర్తున్నా లేకపోయినా, పెడల్ గట్టిపడేదాకా గేరు వేయకూడదన్నది మాత్రం గుర్తుండాలి.

తెలిసిన షెడ్డు

మన జిల్లాల్లో ఎక్కువమంది చేసేది ఇదే, అందులో తప్పు లేదు. మంచి మెకానిక్ చెయ్యి మన టార్క్ రెంచి కన్నా నమ్మకంగా ఉంటుంది. చిక్కల్లా హడావుడి. ముగ్గురు బయట వెయిట్ చేస్తుంటే పిన్నులు బయటికి తీసి తుడిచే ఓపిక ఎవరికీ ఉండదు.

ఏ షెడ్డు అన్నది కూడా చూడాలి. సాలూరు పేరు చెబితే లారీలే గుర్తొస్తాయి, అక్కడ బ్రేకు పని తెలిసినవాళ్లకి కొదవ లేదు. కానీ లారీది గాలితో పని చేసే బ్రేకు, కారు కాలిపర్ సంగతి వేరు. లారీ బ్రేకుల్లో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నాయన కారు పిన్నుకి పసుపు రంగు మామూలు గ్రీజు పూయడం కళ్లారా చూశాను. రోజూ కార్లే వచ్చే షెడ్డు వెతుక్కోండి. వీలైతే మీ కారు ఏ కంపెనీదో ఆ కంపెనీ కార్లే ఎక్కువ వచ్చేది.

కంపెనీ సర్వీస్ సెంటర్

కారు వారంటీలో ఉంటే, ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేకు ఉంటే, కారు మీ ఆఫీసుదై బిల్లు వాళ్లు కడుతుంటే ఆలోచించకుండా ఇక్కడికే. ప్యాడ్లు అరిగే సామాను కాబట్టి మామూలుగా వాటికి వారంటీ వర్తించదు. అయినా బ్రేకు వ్యవస్థలో వేరే తేడా వస్తే బిల్లు చేతిలో ఉండటం మంచిది.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది "డిస్కులు కూడా మార్చాలి సార్" అనే ఫోన్ కాల్ దగ్గర. నిజంగానే మార్చాల్సి ఉండొచ్చు. ప్రతి డిస్కుకీ కనీస మందం ఉంటుంది, చాలావాటి మీద అంచునో మధ్యనో ఆ అంకె కొట్టి ఉంటుంది. "ఇప్పుడెంత ఉంది, కనీసం ఎంత ఉండాలి" అని రెండు అంకెలూ అడగండి. చెబితే మార్పించండి, నసిగితే ఆపండి. ఇంకో ఇబ్బంది, కొన్ని కంపెనీల కార్లకి విశాఖ దాకా పోవాలి. విజయనగరం వాళ్లకి అది గంటన్నర ప్రయాణం. ఇచ్ఛాపురం నుంచైతే ఓ రోజు పని.

షెడ్డులో పక్కన నిలబడి

అడిగినవాళ్లలో సగం మందికి నేను చెప్పేది ఇదే. ప్యాడ్లు, సిలికాన్ గ్రీజు ట్యూబు మీరే కొనుక్కుని, పొద్దున్నే షెడ్డు తీసేసరికి వెళ్లండి. సాయంత్రం, పండగ ముందు వద్దు. విజయనగరంలో సిరిమానోత్సవం వారంలో అసలు వద్దు. "అన్నా, తొందర లేదు, పిన్నులు తీసి ఈ గ్రీజు రాయి, ఓ వంద ఎక్కువిస్తాను" అనండి. మా మెకానిక్ మొదట "ఏటి బాబూ, నమ్మకం లేదేటి?" అన్నాడు. పాత ప్యాడ్లు రెండూ తెచ్చి చూపించాక మాట్లాడకుండా పిన్ను ఊడదీశాడు. ఒకసారి ఇలా దగ్గరుండి చూస్తే, రెండోసారి ఇంట్లో చేసుకునే ధైర్యం ఉందో లేదో మీకే తెలిసిపోతుంది.

ఏ ప్యాడ్లు

దీని మీద ఎక్కువ బుర్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు. కారు కంపెనీ ఒరిజినల్ ప్యాడ్లు, లేదా బాష్, రానే లాంటి పేరున్న కంపెనీవి తీసుకుంటే చాలు. చిన్న కార్లకి 1,000 నుంచి 2,500 మధ్యలో దొరికాయి నాకు. పెట్టె మీద మీ కారు మోడలే కాదు, ఏ సంవత్సరందో, పెట్రోలో డీజిలో కూడా సరిచూడండి. ఒకే పేరున్న కారుకి రెండు రకాల కాలిపర్లు ఉండటం మామూలే. పాత ప్యాడు పట్టుకెళ్లి పక్కన పెట్టి చూస్తే ఇంకా మేలు.

సెరామిక్ ప్యాడ్లు దుమ్ము తక్కువ, చప్పుడు తక్కువ, ధర ఎక్కువ. సెమీ మెటాలిక్‌వి వేడిని బాగా తట్టుకుంటాయి, కాస్త చప్పుడు చేస్తాయి, డిస్కుని ఎక్కువ అరగదీస్తాయి. ఊళ్లో తిరిగేవాళ్లు కారుతో ఏది వచ్చిందో అదే వేసుకోండి. పెట్టె లేకుండా కవర్లో పెట్టి సగం ధరకి ఇచ్చేవి మాత్రం తాకొద్దు. ఇంకొకటి, ప్యాడ్లు ఎడమా కుడీ రెండు చక్రాలకీ ఒకేసారి మార్చాలి. ఒక పక్కే మారిస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి ఓ పక్కకి లాగొచ్చు.

ఎవరికి ఏది

చదునైన గచ్చు, ఇంట్లో బైకు, చేతిపని మీద ఇష్టం, మామూలు కారు ముందు ప్యాడ్లు. ఈ నాలుగూ ఉంటే ఇంట్లోనే చేసుకోండి. వీటిలో ఒక్కటి తగ్గినా షెడ్డులో పక్కన నిలబడండి.

మా బావమరిది సంగతికి వస్తాను. వాడు సాలూరులో ఉంటాడు, వ్యాపారం పని మీద వారానికి రెండుసార్లు ఘాట్ ఎక్కి దిగుతాడు. నాకన్నా చేతిపని బాగా వచ్చు. అయినా వద్దన్నాను. వాడికి ప్యాడ్లతోపాటు ఆయిల్ మార్చాలి, బ్రేక్ గొట్టాల్లోంచి గాలి తీయాలి, డిస్కు మందం కొలవాలి. అన్నీ ఒకేచోట, బిల్లుతో జరగాలి. "బావా, నీ కారుకి నువ్వు చేసుకుంటావు, నాకు మాత్రం వద్దంటావేంటి?" అని కోప్పడ్డాడు. నా కారు అరసవల్లికీ ఆమదాలవలస స్టేషనుకీ తిరిగేది. నేను పొరపాటు చేస్తే గోడకి గుద్దుతాను, వాడు చేస్తే పక్కన లోయ ఉంటుంది.

ఎలక్ట్రిక్ కార్లవాళ్లకి వేరే సమస్య. మోటారే బండిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి ప్యాడ్లు చాలాకాలం వస్తాయి, కానీ వాడకం తక్కువై పిన్నులు, డిస్కులు తుప్పు పడతాయి. వీళ్లు ప్యాడ్లు అరిగేదాకా ఆగకుండా ఏడాదికోసారి పిన్నులు శుభ్రం చేయించాలి.

ప్యాడ్లు మార్చినా మార్చకపోయినా, చూడటం మాత్రం అందరూ నేర్చుకోవాలి. స్టీరింగు ఓ పక్కకి పూర్తిగా తిప్పి, చక్రం సందుల్లోంచి టార్చి వేస్తే బయటి ప్యాడు కనిపిస్తుంది. ఇనుప రేకుని వదిలేసి మిగతా మందం 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చే టైమయింది. లోపలి ప్యాడు అలా కనపడదు. టైరు మార్చినప్పుడో, పంచరైనప్పుడో చక్రం ఊడిందంటే లోపలి ప్యాడు తప్పకుండా చూడండి. నేను అదే చూడలేదు.

మార్చాక

కొత్త ప్యాడ్లు మొదట్లో సరిగా పట్టవు. పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, వెనక ఎవరూ లేరని చూసుకుని, 60 వేగం నుంచి 20 దాకా మెల్లగా తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు. మధ్యమధ్య చల్లారనిస్తూ ఓ ఎనిమిది పదిసార్లు ఇలా చేయాలి. తర్వాత 200 కిలోమీటర్ల దాకా గట్టి బ్రేకు అవసరం రాకుండా నడపండి. 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు ఇంకోసారి బిగించి చూసుకోవాలి.

ఆ వారంలోనే, కాసేపు తిరిగొచ్చాక ముందు రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూడండి. ముట్టుకోవద్దు, దగ్గర పెడితే చాలు. ఒక పక్క సెగ కొడుతూ రెండో పక్క చల్లగా ఉంటే పిన్నో పిస్టనో సరిగా జారడం లేదేమో అనుకోవాలి. పని మీరు చేసినా, షెడ్డువాళ్లు చేసినా, షోరూమువాళ్లు చేసినా ఆ చక్రం మళ్లీ విప్పించాల్సిందే.